ఒకే ఈడు వాళ్లు: మాసాయి పాఠం చెప్పిన ముప్పై అయిదేళ్లు

1979 జులైలో చేరాను, 2014 జూన్‌లో దిగిపోయాను. ముప్పై అయిదేళ్లు. అన్నేళ్లూ విజయనగరంలో ఒకే కాలేజీ, ఒకే శాఖ. మానవశాస్త్రం. ప్రతి ఏడాదీ సంక్రాంతి సెలవులయ్యాక తూర్పు ఆఫ్రికా పశుపోషకుల పాఠం వచ్చేది. మాసాయిలు, వాళ్ల చుట్టుపక్కల పశువులు కాచుకునే జాతులు వయసును బట్టి సమాజాన్ని ఎలా అమర్చుకున్నారో చెప్పేదాన్ని. ఒక మాసాయి మనిషిని కళ్లతో చూసింది మాత్రం ఉద్యోగంలో చేరిన ముప్పై నాలుగో ఏట.

ఈ లెక్కతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు ఇదంతా అడవులు, కొండలు, టేప్ రికార్డర్లు అనుకుని వస్తారు. నిజానికి ఎక్కువ భాగం మనం చూడని మనుషుల గురించి, వాళ్లను ఎప్పటికీ చూడబోని పిల్లలకు, భోజనం తర్వాతి పిరియడ్‌లో నిద్ర రాకుండా చెప్పడం. దానిలో ఒక ప్రమాదం ఉంది. చూడని వాళ్ల గురించి మాట్లాడేటప్పుడు మనల్ని సరిదిద్దేవాళ్లు గదిలో ఉండరు. ఏం చెప్పినా చెల్లుతుంది. చెల్లుతున్నకొద్దీ గొంతు పెరుగుతుంది.

నాకు సరిదిద్దే మనిషి ఒకడు దొరికాడు. అతని సంగతే ఇక్కడ ఎక్కువ రాస్తాను. మిగతా ముప్పై మూడేళ్లలో నేర్చుకున్నది ఆ రెండేళ్లలో నేర్చుకున్నదానికంటే తక్కువ అనను. కాని చెప్పడానికి ఇది తేలిక.

పాఠం

ముందు పాఠం ఏమిటో చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

మాసాయిల్లో కొన్నేళ్ల వ్యవధిలో సున్తీ జరిగిన మగపిల్లలందరూ కలిసి ఒక వర్గం అవుతారు. దానికి ఒక పేరు పెడతారు. ఆ పేరు చచ్చేదాకా ఉంటుంది. ముందు అందరూ యోధులు, మొరాన్లు అంటారు. తర్వాత చిన్న పెద్దలు. ఆ తర్వాత పూర్తి పెద్దలు. మెట్టు మారితే అందరూ కలిసి మారతారు. ఒకడు తెలివైనవాడని ముందు వెళ్లిపోడు, ఇంకొకడు మందకొడి అని వెనక పడిపోడు. యోధుల్ని అదుపులో పెట్టేది వాళ్ల తండ్రులు కాదు. మధ్యలో ఒక వర్గాన్ని వదిలి, ఆ పైన ఉన్న వర్గం పెద్దలు వీళ్లకు సంరక్షకులు. మందలించినా దీవించినా వాళ్లే.

పుస్తకాల్లో దీన్ని వయోవర్గం అని రాస్తారు. నేను క్లాసులో ‘ఈడు’ అనేదాన్ని. ‘వాడూ నేనూ ఒక ఈడు వాళ్లం’ అని మన ఇళ్లలో అనుకునే మాటే. మనకు అది ఒట్టి మాట, వాళ్లకు అదొక ఏర్పాటు.

మన పిల్లలకు ఇది ఎక్కడ తగులుకునేదంటే, మనకు వయసు కంటే వరస ముఖ్యం. ఒక ఏడాది శృంగవరపుకోట నుంచి వచ్చే పార్వతి అనే అమ్మాయి, రైతుల పిల్ల, చెయ్యెత్తింది.

“మేడమ్, మా ఇంటి పక్కన నాకంటే ఆరేళ్లు సిన్నోడు ఒకడున్నాడు. ఆడు నాకు సిన్నాన్న వరస. ఆడిని సిన్నాన్నా అనే పిలవాల. ఆడేమో నా జడ లాగి పారిపోతాడు. మాసాయోళ్లలో ఇలాటి బాద ఉండదన్నమాట!”

“ఉండదు. అక్కడ వాడు నీకంటే చిన్నవాడే.”

“అయితే నేను ఆళ్లలో పుట్టాల్సింది మేడమ్.”

“ఆడవాళ్లకు విడిగా ఈడు లేదమ్మా. పెళ్లయ్యాక మొగుడి ఈడే లెక్క.”

“సీ. అయితే ఒద్దు.”

వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు: “మేడమ్, ఆళ్లు మేనకోడల్ని సేసుకుంటారా?”

అప్పుడు చెప్పేదాన్ని. ఒకే ఈడు వాళ్లు ఒకరి కూతుర్ని ఒకరు చేసుకోరు. నీ ఈడువాడి కూతురు నీకూ కూతురే. మనలోనూ స్నేహితుడి కూతుర్ని కూతురిలా చూసేవాళ్లున్నారు. అది మనసున్నవాళ్ల సంగతి. అక్కడ మనసుతో పనిలేదు, అది నియమం.

కొత్తగా చేరే లెక్చరర్లకు ఒక మాట. ఈ పాఠాన్ని చాలామంది నల్లబల్ల మీద మెట్లు గీసి, మెట్టుకో పేరు రాసి ముగిస్తారు. పిల్లలు ఆ పేర్లు బట్టీ పట్టి మర్నాడు మర్చిపోతారు. పేర్లు వదిలేయండి. ఎవరు ఎవరితో కలిసి తింటారు, ఎవరు ఎవర్ని చేసుకోకూడదు, ఎవరు ఎవర్ని తిట్టవచ్చు. ఈ మూడు ప్రశ్నలు చాలు. ఏ ఊళ్లోకి వెళ్లినా నాకు పనికొచ్చినవి ఇవే.

పాఠం చివర ఒక చిన్న సంగతి ఉంటుంది. యోధులు పెద్దలుగా మారే పండుగను యునోటో అంటారు. అందులో సంరక్షక పెద్దలు ఆ ఈడులోంచి ఒకణ్ని ఎంచుతారు. వాణ్ని ఒలొటునో అంటారు. వాడు ముందు పెద్ద అవుతాడు, వాడి వెనక మిగతావాళ్లు అవుతారు. పెద్ద గౌరవం. కాని ఈడు మొత్తం చేసిన తప్పులు వాడి నెత్తిన పడతాయనీ, వాడి బతుకు బాగుండదనీ, ఆయుష్షు తగ్గుతుందనీ నమ్మకం. అందుకే ముందు తెలిస్తే పారిపోతాడు. చెప్పకుండా పట్టుకుని చేస్తారు. అంగవైకల్యం లేనివాడు, తల్లిదండ్రులిద్దరూ ఉన్నవాడు, మంచి పేరున్నవాడు కావాలి. ప్రాంతాన్ని బట్టి పద్ధతి కొంత మారుతుంది. మా పరీక్షలో ఇది రెండు మార్కుల ప్రశ్న.

లెమాయన్

2012 జులైలో లెమాయన్ అనే కుర్రవాడు ఉత్తర టాంజానియా నుంచి ఒక స్కాలర్‌షిప్ మీద మా దగ్గర ఎం.ఏ.లో చేరాడు. మిషన్ బడిలో చదివి, రాజధానిలో డిగ్రీ చేసి వచ్చాడు. తండ్రికి పశువుల మంద ఉంది. తల్లి ఉంది. మనిషి ఆరడుగుల పైన. గుమ్మం దగ్గర వంగి లోపలికి వచ్చేవాడు.

ఊరు అతన్ని బాగా చూసుకుందని రాస్తే అబద్ధం. స్టేషన్ దగ్గర ఆటోవాళ్లు రెట్టింపు అడిగేవాళ్లు. సినిమా హాల్లో పక్క సీట్లు ఖాళీగా ఉండేవి. సెల్‌ఫోన్లలో ఫోటోలు తీసేవాళ్లు, అడిగి కాదు. చెడ్డగా చూసిందని రాసినా పూర్తి నిజం కాదు. చూడ్డం రాలేదు, అంతే.

మూడో వారంలో హాస్టల్ వార్డెన్ నా గదికి వచ్చారు.

“మేడమ్, మీ ఆఫ్రికా అబ్బాయి తిండి సరిగా తినట్లేదు. గ్లాసుడు పాలు ఇచ్చినా ముందు పెట్టుకుని కూర్చుంటాడు, తాగడు. మన వంట పడట్లేదేమో.”

“ఎవరి పక్కన కూర్చుంటున్నాడు?”

“పక్కన ఎవరూ లేరు. కుర్రాళ్లు దూరం జరుగుతున్నారు. ఆ ఎత్తు చూసి బెదురు.”

అతన్ని పిలిచి, ఇంగ్లీషులో ఒకటే అడిగాను. “నీతో ఎవరు తింటున్నారు?” అతను చేరిన తర్వాత నవ్వడం అదే మొదటిసారి చూశాను. యోధుడు ఒంటరిగా పాలు తాగడు. పక్కన తన ఈడువాడు ఒకడైనా ఉండాలి. ఆకలి మీద అదుపు, తోటివాడి మీద గురి, రెండూ అందులో ఉన్నాయి. బడిలో చదివేటప్పుడు పాటించలేదట. యోధుడయ్యాక పాటించాడు. ఇంత దూరం వచ్చాక వదలాలనిపించలేదు.

“ఇక్కడ నీ ఈడువాళ్లు లేరు కదా, ఎలా?” అన్నాను.

“మీరు ఎవర్నైనా చూపించండి, సర్దుకుంటాను” అన్నాడు.

నేను చూపించినవాడు నూకరాజు. శ్రీకాకుళం జిల్లా భావనపాడు. సముద్రం మీద వేటకు వెళ్లే కుటుంబం. చదువులో మధ్యరకం, నోరు మాత్రం మొదటి శ్రేణి. పిలిచి చెప్పాను: “రోజూ రెండు పూటలా ఇతనితో కూర్చుని తినాలి. నువ్వు రాకపోతే ఇతను తినడు.”

“నేను రాకపోతే తినడేటి? నాకేటైనా పెళ్లామా మేడమ్?”

“వీళ్లలో యోధులు ఒంటరిగా తినరు.”

నూకరాజు అతన్ని కింద నుంచి పైదాకా చూశాడు. చూడ్డానికి కొంత సమయం పట్టింది.

“యోదుడా! ముందే సెప్పరేటి మేడమ్. పదరా మావా. సాంబారు మీద యుద్దం సేద్దాం.”

ఆ రోజు నుంచి తిండి సమస్య లేదు. ఇంకో సమస్య మొదలైంది. లెమాయన్ తెలుగు నూకరాజు దగ్గర నేర్చుకున్నాడు. ఆరు నెలలు తిరిగేసరికి నా గుమ్మంలో వంగి, “మేడమ్, లోనికి రావాలేటి?” అని అడిగేవాడు. నేను సరిచేయలేదు. తప్పు లేనిదాన్ని ఏం సరిచేస్తాం.

భావనపాడు

2013 మే. మరపడవల వేట నిషేధం రోజులు. మగవాళ్లు ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ ఇళ్ల దగ్గరే ఉంటారు, మాట్లాడ్డానికి మంచి కాలం. లెమాయన్ తన పరిశోధనకు పడవ జట్లలో పెద్దరికం అనే విషయం తీసుకుని నూకరాజు ఇంట్లో దిగాడు. గైడును కాబట్టి నేనూ వెళ్లి చూశాను.

నూకరాజు తల్లి ఎర్రమ్మ తట్టలో చేపలు పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్ముతుంది. అప్పుడే వచ్చి తట్ట దించింది.

“ఒరే నూకిగా, ఈ బాబెవుడ్రా, తెరసాప కొయ్యలాగున్నాడు!”

లెమాయన్ ఆమె ముందుకు వెళ్లి తల వంచి నిలబడ్డాడు. ఆమె కంగారుపడింది.

“ఏటి, తల దించీసినాడు? ఏటైనా తప్పు సేసినాడా?”

“తప్పు కాదే అమ్మా. తలమీద సెయ్యెట్టాల. పెద్దోళ్లకి ఆళ్లు దణ్ణం ఎట్టడం అలాగే.”

ఎర్రమ్మ చేతులకున్న పొలుసులు కొంగుకు తుడుచుకుంది. రెండు చేతులూ అతని తలమీద పెట్టింది. “సల్లగుండు నాయనా” అంది. ఆ తర్వాత అరగంటకు ఇంట్లో గొడవ. మాసాయిలు చేపలు తినరు. పశువుల మీద బతికినవాళ్లకు అది తిండి కాదు.

“సేపలు తిననోడు బావనపాడొచ్చి ఏటి సేత్తాడ్రా?”

“పెరుగన్నం తింతాడే.”

“ఈ ఇంటికి పెరుగెప్పుడొచ్చింది? మీ అయ్య పెళ్లికైనా వచ్చిందా?”

వచ్చింది. పక్క వీధిలో గేదెలున్న ఇంటి నుంచి రోజూ తెప్పించింది. అతనున్నన్నాళ్లూ తెప్పించింది.

పనిలో అతనికి పడిన చిక్కు చెప్పుకోదగ్గది. పడవలో ఉన్నవాళ్లందరి వయసులూ వరసగా రాసుకుని, పెద్దవాడి మాట చెల్లుతుందని మొదలుపెట్టాడు. చెల్లట్లేదు. వేటకు వెళ్లినప్పుడు ఒక మధ్యవయసు మనిషి పద్దెనిమిదేళ్లవాణ్ని అడిగి వల దించుతాడట. నూకరాజు విడమరిచాడు: “ఆడు మాయందరికీ తాత వరస. పైగా సేపెక్కడుందో ఆడికి తెలుస్తాది.”

“మరి మీలో ఒకే ఈడు వాళ్లు ఎవరు?” అని అడిగాడు లెమాయన్.

నూకరాజు ఆలోచించాడు. “ఒక ఈడంటే… కలిసి సముద్రంలో పడ్డోళ్లే.”

ఆ ఒక్క మాట పట్టుకుని భావనపాడులో కూడా వయోవర్గాలున్నాయని రాసేయవచ్చు. అలా రాసినవాళ్లను చూశాను, వాళ్లకు మంచి పేరు కూడా వచ్చింది. లెమాయన్ రాయలేదు. ‘ఇక్కడ వయోవర్గాలు లేవు, వరసలున్నాయి, వాటిని దాటి ఒక్కోసారి నేర్పు పనిచేస్తుంది’ అని రాశాడు. ఇది చూసి నేర్చుకోండి. మన ఊరి నుంచి సంచిలో పెట్టుకుపోయిన వస్తువు అక్కడ దొరికిందని సంబరపడేవాడు పరిశోధకుడు కాడు.

సెలవు ఇవ్వకండి

2014 జనవరి ఆఖర్లో లెమాయన్ నా గదికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. వెనక నూకరాజు గుమ్మంలో నిలబడ్డాడు.

ఊరి నుంచి ఫోను వచ్చిందట. తన ఈడు యునోటో మార్చిలో పెట్టుకున్నారు. రమ్మన్నారు. టికెట్‌కి తోటివాళ్లు తలా ఒక గిత్త అమ్మారు.

“మంచిదే కదా. సెలవు రాయి” అన్నాను.

“ఇవ్వకండి మేడమ్.”

“ఏమిటి?”

“సెలవు ఇవ్వకండి. పరీక్ష ఉందని, పంపడం కుదరదని మీరు ఒక కాగితం మీద రాసివ్వండి. ఫోటో తీసి మా అన్నకు పంపుతాను.”

అప్పుడు చెప్పాడు. ఊళ్లో తన పేరు అనుకుంటున్నారు. తల్లిదండ్రులు ఇద్దరూ ఉన్నారు. ఒంట్లో లోపం లేదు. ఎవరితో తగాదా లేదు. పైగా చదువుకున్నవాడు. పెద్దలకు ఇంతకంటే ఏం కావాలి. ఒలొటునోకి తననే పట్టుకుంటారని అతనికి నమ్మకం కుదిరిపోయింది.

రెండు మార్కుల ప్రశ్న నా బల్లకు అవతల నిలబడి చేతులు నలుపుకుంటోంది.

“నువ్వు ఎం.ఏ. చదువుతున్నావు. ఆయుష్షు తగ్గుతుందని నమ్ముతున్నావా?”

“మీరు మంగళవారం ప్రయాణం పెట్టుకోరు కదా మేడమ్. మీరు నమ్ముతున్నారా?”

“నమ్మను. పెట్టుకోను.”

“నేనూ అంతే.”

గుమ్మంలోంచి నూకరాజు కలగజేసుకున్నాడు. “నువ్వెల్లకపోతే ఏటవుద్ది? పండగ ఆగిపోద్దా?”

“ఆగదు. వేరేవాణ్ని పట్టుకుంటారు.”

“ఎవుణ్ని?”

“సపుక్ కావచ్చు” అన్నాడు లెమాయన్.

“ఆడెవుడు?”

“అక్కడి నూకరాజు.”

యోధులయిన రోజు నుంచి ఇద్దరూ కలిసి పాలు తాగారు. సపుక్ బడికి వెళ్లలేదు, మంద చూసుకున్నాడు. ఇద్దరిలో ఎవరో ఒకరని ఊళ్లో మాట. నూకరాజు గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు.

“అయితే ఎల్లరా. పారిపోవాలంటే ఆడకెల్లి పారిపో. ఆళ్లందరి ముందరా ఉరుకు, దొరికితే దొరికినావు, నేకపోతే నేదు. ఈడ మేడమ్‌గారి కొంగెనక దాక్కుని పారిపోతే అదేటి?”

“నా కొంగు సంగతి నేను చూసుకుంటాను” అన్నాను. ఇద్దర్నీ మర్నాడు రమ్మన్నాను.

ఆ సాయంత్రానికే సంగతి మా శాఖాధిపతికి తెలిసింది. ఎలా తెలిసిందో విచారించలేదు. ఆయన నన్ను పిలిచారు. ముఖం వెలిగిపోతోంది.

“మేడమ్, పంపించండి. మన దగ్గర వీడియో కెమెరా ఉంది. లోపలి మనిషి తీసిన యునోటో ఎవరి దగ్గర ఉంది చెప్పండి? శాఖకు పేరు వస్తుంది.”

“అతనికి వెళ్లాలని లేదు సార్. పట్టుకుంటారని భయపడుతున్నాడు.”

“అదే కదా అసలు విషయం! పట్టుకున్నారనుకోండి, ఇంకా మంచిది. స్వయంగా అనుభవించినవాడి కథనం. రాయిద్దాం.”

“మీ అబ్బాయి అయితే కెమెరా ఇచ్చి పంపుతారా?”

“మా అబ్బాయి మాసాయి కాదు కదండీ.”

ఆయన చెడ్డమనిషి కాడు. హాస్టల్ పిల్లలకు జబ్బు చేస్తే సొంత కారులో ఆసుపత్రికి తీసుకెళ్లిన మనిషి. ఆ మాట అన్నప్పుడు కూడా ఆయనకు అందులో తప్పు కనపడలేదు. ఇది మన వృత్తికి ఉన్న జబ్బు. మనిషి బల్లకు అవతల ఉన్నంతసేపూ అతని భయం మనకు సమాచారం. చిన్నవాళ్లు ఈ ఉద్యోగంలో చేరేముందు తెలుసుకోవలసింది ఇదే. ఎంతమంది పెద్దవాళ్లకు ఈ జబ్బు ఉందో, ఎంత మర్యాదగా ఉంటుందో.

“గైడు నేను సార్. కెమెరా వెళ్లదు” అన్నాను. ఆయన నాతో మార్చి దాకా మాట్లాడలేదు.

కెమెరా వెళ్లదని చెప్పడం తేలికే. దొంగ కాగితం ఇవ్వాలా వద్దా అన్నది తేలిక కాదు. ఇస్తే ఒక కుర్రవాణ్ని కాపాడినదాన్ని అవుతాను. ఎవరి నుంచి? తన కోసం గిత్తలు అమ్ముకున్న వాళ్ల నుంచి. ఇవ్వకపోతే తోసినదాన్ని అవుతాను. రెండూ నా పని కాదనిపించింది. లెక్చరర్లలో కొందరు విద్యార్థి బతుకును తామే దిద్దాలనుకుంటారు. ఇంకొందరు రూల్స్ పుస్తకం అడ్డం పెట్టుకుంటారు. రెండోవాళ్ల వల్ల కనీసం నష్టం తక్కువ.

మర్నాడు అతనితో చెప్పాను. “నీ వైవాకి రెండు తేదీలున్నాయి. ఒకటి మార్చిలో, మీ పండుగ రోజుల్లోనే. రెండోది ఏప్రిల్‌లో. రెండూ నిజమైనవే, బయట నుంచి వచ్చే పరీక్షకుడు రెంటికీ ఒప్పుకున్నాడు. మార్చి కావాలంటే నిజంగానే పరీక్ష ఉందని చెప్పుకోవచ్చు. కాని తేదీ నేను ఎంచను. ఏది కావాలో నువ్వు చెప్పాలి.”

నూకరాజు నోరు తెరవబోతే నేను చూపుతో ఆపాను.

“ఏప్రిల్” అన్నాడు లెమాయన్.

స్టేషన్‌కి నూకరాజు వెళ్లాడు. ఎర్రమ్మ భావనపాడు నుంచి అరిసెలు పంపిందట, ‘పట్టుకోడానికొచ్చినోళ్లకి ఎట్టు, ఒగ్గేస్తారు’ అని. ఆ వైపు ఒగ్గేయడమంటే వదిలేయడం.

ఏప్రిల్

ఏప్రిల్ మొదటి వారంలో తిరిగి వచ్చాడు. యునోటోలో తల్లులు కొడుకుల జుట్టు గొరుగుతారు. యోధుడి పొడుగు జుట్టు పోయి ఇతని తలమీద అప్పుడప్పుడే మొలుస్తోంది. మనిషి చిక్కాడు. వైవా బాగా చెప్పాడు. భావనపాడు పడవ జట్ల మీద అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాడు. పరీక్షకుడు సంతోషించి వెళ్లిపోయాడు.

తర్వాత మేం ముగ్గురం శాఖ వరండాలో కూర్చున్నాం. కుర్రవాళ్లు టీ తెచ్చారు. నేను అడగదలుచుకోలేదు. నూకరాజు ఉన్నచోట ఆ అవసరం రాదు.

“సెప్పరా. అట్టుకున్నారా నిన్ను?”

“లేదు” అన్నాడు లెమాయన్.

“హమ్మయ్య! నేను సెప్పలేదేటి? మా అమ్మ అరిసెలు!” నూకరాజు అతని వీపు మీద చరిచాడు. అతను నవ్వలేదు. నూకరాజు చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“సపుక్‌ని” అన్నాడు లెమాయన్.

ఆ తర్వాత నాకు చెప్తున్నట్టుగా ఇంగ్లీషులో చెప్పాడు, తొందర లేకుండా.

“మేం వరసగా నిలబడ్డాం మేడమ్. పెద్దలు మా మధ్య నడిచారు. నా ముందు ఆగారు. పారిపోకూడదని కాళ్లు బిగబట్టుకుని నిలబడ్డాను. వాళ్లు ముందుకు వెళ్లిపోయారు. నాకు సంతోషమైంది. మీకు అబద్ధం చెప్పను, చాలా సంతోషమైంది. అంతలో పేరు వినిపించింది. సపుక్ నా ఎడమ పక్కనే ఉన్నాడు. పరుగెత్తబోయాడు.”

“పెద్దలు పట్టుకున్నారా?” అన్నాను. నేను చదివిన పుస్తకాల్లో ఇంతకు మించి వివరం లేదు.

“పెద్దలు ముసలివాళ్లు మేడమ్. వాళ్లు పేరు చెబుతారు, అంతే. పట్టుకునేది మేమే. ఈడువాళ్లే పట్టుకోవాలి. అందరికంటే దగ్గరగా ఉన్నది నేను.”

ఎడమ అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు.

“ఇన్ని నెలలూ నన్ను పట్టుకుంటారని భయపడ్డాను. నేను పట్టుకోవలసి వస్తుందని ఒక్కసారీ అనుకోలేదు. సపుక్ నా ముఖంలోకి చూసి, వదులు అన్నాడు. గట్టిగా కాదు. నాకొక్కడికే వినపడేలా.”

నూకరాజు ముందుకు వంగాడు. అతని గొంతు అంత మెల్లగా ఉండగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

“ఒగ్గేసినావేట్రా?”

లెమాయన్ అతని వైపు తిరిగాడు. నూకరాజు నేర్పిన తెలుగులోనే జవాబు చెప్పాడు.

“ఒగ్గనేదు మావా.”